పొలం ఒకచోట, దావా ఒకచోట



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆయన్ని ఈ ఊళ్లో ఎవరూ పేరుతో పిలవలేదు. కక్షిదార్లకు, గుమాస్తాలకు, ఎదుటి పక్షం వకీళ్లకు కూడా ఆయన పెద్ద ప్లీడరుగారే. "అయ్యా, మా అన్న నాకు అన్యాయం చేశాడండీ" అంటూ ఎవరైనా వస్తే ఆయన ఆ కథ విననిచ్చేవారు కాదు. "అన్యాయం సంగతి తర్వాత చూద్దాం. కాయితాలు తియ్యి. భూమి ఏ ఊళ్లో ఉంది, సర్వే నంబరెంత, హద్దులేమిటి?" అనేవారు. వచ్చిన మనిషి మొహం చిన్నబోయేది. గుండె బరువు దించుకుందామని వచ్చినవాడిని నాలుగు దిక్కుల హద్దులు అడిగితే ఏం బాగుంటుంది? కానీ దావా ఏ కోర్టులో పడాలన్నది ఆ జవాబుల్లోనే సగం తేలిపోయేది. మిగతా సగం ఆయన ఆఖర్న అడిగే ప్రశ్నలో తేలేది: "ఇంతకీ నీకేం కావాలి? కాయితమా, భూమా?"

నిర్వాహకులు విషయం ఎంపిక నాకే వదిలిపెట్టారు. స్మారకోపన్యాసం అనగానే రాజ్యాంగమో ప్రాథమిక హక్కులో వస్తాయని ఎదురుచూసినవాళ్లు నన్ను మన్నించాలి. మన కోర్టు వరండాలో వాయిదా కోసం కూర్చున్న రైతుకు 14వ అధికరణం కంటే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 16వ సెక్షన్ దగ్గరి చుట్టం. ఆ చుట్టరికం గురించే మాట్లాడతాను.

1908 నాటి ఆ కోడ్ స్థిరాస్తి విషయంలో మొహమాటం లేకుండా చెప్పింది. భూమి స్వాధీనం కావాలన్నా, పంపకం కావాలన్నా, తనఖా విడిపించుకోవాలన్నా, ఆ ఆస్తి మీద మరే హక్కు తేల్చాలన్నా, దానికి జరిగిన నష్టానికి పరిహారం కోరినా, ఆస్తి ఎక్కడుందో అక్కడి కోర్టుకే వెళ్లాలి. ప్రతివాది ఎక్కడ కాపురం ఉంటున్నాడు, అగ్రిమెంటు ఎక్కడ రాసుకున్నారు అన్నవి అప్పు దావాలకు పనికొచ్చే ప్రశ్నలు. వాటి కోసం 20వ సెక్షన్ వేరే ఉంది. మన జూనియర్లు ఈ రెండు సెక్షన్లనూ కలగాపులగం చేస్తుంటారు. భూమి దావాలో "ప్రతివాది ఈ కోర్టు పరిధిలో నివసిస్తున్నందున" అన్న వాక్యం కనబడితే ఆ ప్లెయింటు పాత అప్పు దావా నుంచి దిగుమతి అయిందని ఇట్టే తెలిసిపోతుంది.

ఈ నియమం వకీళ్ల సౌకర్యం కోసం పుట్టింది కాదు. హద్దు తగాదా వచ్చిందనుకోండి. కోర్టు అడ్వొకేట్ కమిషనర్‌ను వేస్తుంది. ఆయన వారెంటు పట్టుకుని మండల సర్వేయర్‌ను వెంటబెట్టుకుని పొలానికి వెళ్తాడు. గొలుసు పట్టేందుకు ఇద్దరు కూలీలు, పక్క పొలాల ఆసాములు, హద్దురాయి ఎప్పుడు పాతారో చూసిన ఒక ముసలాయన అక్కడ ఉండాలి. వాది గట్టు ఇదంటాడు, ప్రతివాది అదంటాడు, సర్వేయర్ ఎఫ్ఎంబీ కాగితం నేల మీద పరిచి మోకాళ్ల మీద వంగి చూస్తాడు. ఆ తర్వాత సాక్ష్యం చెప్పడానికి కోర్టుకు రావలసింది కూడా ఆ ముసలాయనే. మూడు వందల కిలోమీటర్ల అవతల ఉన్న కోర్టుకు ఆయన ఎన్ని వాయిదాలకు వస్తాడు? చివరికి డిక్రీ వచ్చినా స్వాధీనం ఇప్పించవలసింది ఆ చుట్టుపక్కల కోర్టు అమీనాయే.

కోర్టు దూరమైతే ఏమవుతుందో మన గోదావరి మన్యం ఒకసారి చూపించింది. 1879లో రంపలో తిరుగుబాటు రేగింది. రంపను ఏలే మన్సబుదారు మీద కోపం, కల్లు మీద పన్ను లాంటి కారణాలు చాలా ఉన్నాయి. కానీ గోదావరి జిల్లా గెజిటీర్ ఇంకో కారణాన్ని కూడా నమోదు చేసింది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాళ్లతో తమకు అనుకూలంగా ఒప్పందాలు రాయించుకునేవారు. అవి నెరవేరలేదంటూ కిందనున్న సివిల్ కోర్టుల్లో దావాలు వేసేవారు. సమన్లు ఏమిటో, వాయిదా ఏమిటో తెలియని కొండమనిషి కోర్టుకు వెళ్లడు. డిక్రీ ఏకపక్షంగా అయిపోయేది. ఆ డిక్రీతో కొండెక్కి చేతికందిన ఆస్తినల్లా జప్తు చేసేవారు. అది వర్తకుడి పని అని కొండవాళ్లు అనుకోలేదు, సర్కారు చట్టమే అలా ఉందనుకున్నారు. పరిధి అనే పొడి మాట కింద ఒక తిరుగుబాటుకు సరిపడా మందుగుండు దాగి ఉండగలదని మన లా కాలేజీలు చెప్పవు.

సర్కారుకు ఈ సంగతి అంతకుముందే కొంత తెలుసు. పర్లాకిమిడి, గుమ్సూరు అల్లర్ల తర్వాత జార్జి రస్సెల్ ఇచ్చిన సలహా మీద 1839లో 24వ చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేశారు. అక్కడ కలెక్టరే ఏజెంటు, ఆయనే సివిల్ న్యాయాధికారి. తర్వాత 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం, దాని కింద 1924లో ఏజెన్సీ రూల్స్ వచ్చాయి. ఇవి మ్యూజియం సరుకు అనుకోకండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ మొట్టమొదటి సెక్షన్లోనే నాలుగో సబ్‌సెక్షన్ తీసి చూడండి. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీల పేర్లు అక్కడే ఉన్నాయి. అక్కడ అమల్లో ఉన్న రూల్స్‌కు భంగం లేకుండానే కోడ్ వర్తిస్తుందని రాసి ఉంది. అందుచేత ఏజెన్సీ గ్రామంలోని పొలానికి రాజమండ్రిలో దావా వేసేముందు ఎవరైనా ఒక్క క్షణం ఆగాలి. దానికి తోడు 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 సవరణ, అంటే మనందరం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునేది, ఉన్నాయి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుడికి తప్ప ఇంకొకరికి చేరే బదలాయింపు చెల్లదు.

కార్యనిర్వాహక అధికారి సివిల్ తగాదా తీర్చడం ఈ రోజుల్లో ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆ విమర్శను నేను కాదనను. అలాగని ఆ కేసులన్నీ కిందికి దింపి మైదానం కోర్టులకు అప్పగిస్తే 1879ని మళ్లీ పిలిచినట్టే. జడ్జి కొండెక్కాలి, కొండ మనిషి కిందికి దిగడం కాదు.

ఇప్పుడు పెద్ద ప్లీడరుగారి ఆఖరి ప్రశ్నకు వస్తాను. కాయితమా, భూమా? 16వ సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. వాదికి కావలసిన పరిష్కారం మొత్తం ప్రతివాది స్వయంగా ఒక పని చేస్తే దొరికేదైతే, భూమి వేరేచోట ఉన్నా ప్రతివాది ఉండే ఊళ్లో దావా వేసుకోవచ్చు. ఈ సందులోంచి దూరిపోదామని చూసేవాళ్లు చాలామంది. నగరంలో ఉండే కక్షిదారుకు నగరంలోనే దావా కావాలి, నగరం వకీలుకూ అదే కావాలి.

ఢిల్లీలో ఒకాయన 1985లో డీఎల్ఎఫ్ సంస్థతో ప్లాటు కొనుగోలు ఒప్పందం చేసుకున్నారు. ప్లాటు గుర్గావ్‌లో ఉంది. సంస్థ కార్యాలయం, కాగితాలు, చెల్లింపులు మాత్రం ఢిల్లీలో. 1988లో సంస్థ ఒప్పందం రద్దు చేసింది. ఆయన ఢిల్లీలో దావా వేసి, ఒప్పందం అమలు చేయమని, ప్లాటు స్వాధీనం ఇప్పించమని కోరారు. సంస్థ తన జవాబులో ఢిల్లీ కోర్టు పరిధిని ఒప్పుకుంది. ఏళ్లు గడిచాయి, ఇష్యూలు ఖరారయ్యాయి. ఆ తర్వాత సంస్థ జవాబును సవరించి, ప్లాటు గుర్గావ్‌లో ఉంది కాబట్టి ఈ కోర్టుకు పరిధి లేదంది. కింది కోర్టు ప్లెయింటు వాపసు ఇవ్వమంది. 2005 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా అదే సరి అంది. స్వాధీనం కోరిన తర్వాత అది ప్రతివాది సంతకంతో తీరే పని కాదు, మినహాయింపు వర్తించదు, లేని పరిధిని ఇరుపక్షాల సమ్మతి కూడా సృష్టించలేదు అంది. దావా మొదలైన పదిహేడేళ్లకు తేలింది ఏ ఊరి కోర్టుకు వెళ్లాలన్న సంగతి.

రెండేళ్ల తర్వాత, 2007లో, ఇంకో ఢిల్లీ దావాకూ అదే గతి పట్టింది. వాది మన్సూర్ అలీఖాన్ పటౌడీ. మన హైదరాబాద్ తరఫున పదేళ్ల పాటు రంజీ ఆడిన మనిషి కనుక ఆయన పేరు ఈ సభలో వింత కాదు. కుటుంబ ఆస్తి పటౌడీలో, అంటే గుర్గావ్ వైపు. ప్రతివాది తోబుట్టువే. దావాలో వీలునామా గురించిన డిక్లరేషన్ లాంటివి కోరారు. సుప్రీంకోర్టు ప్లెయింటు మొత్తం చదివి, పై పూత తీసేస్తే ఇది పంపకం దావాయే, పంపకం దావా ఆస్తి ఉన్నచోటే వేయాలి అని తిప్పి పంపింది. ప్రార్థన పేరాలో ఏ మాటలు వాడావన్నది కాదు, అడుగుతున్నది నిజంగా ఏమిటన్నది చూస్తామని దాని అర్థం. కాయితమే కావాలనేవాడికి దారి మూసుకుపోలేదు. స్వాధీనం కోరకుండా కేవలం రిజిస్ట్రేషన్ చేయించమని అడిగే దావా భూమి కోసం వేసిన దావా కిందకు రాదని, బొంబాయి హైకోర్టు లెటర్స్ పేటెంట్ సందర్భంలో 2001లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ స్వాధీనం వద్దని దావా వేసే రైతు నా ఎరుకలో లేడు.

2005 తీర్పులోని ఫలితం మీద నాకు పేచీ లేదు. అక్కడికి కోర్టు వెళ్లిన దారి మీద ఉంది. 21వ సెక్షన్ ఏమంటోంది? దావా ఎక్కడ వేశారన్న అభ్యంతరాన్ని మొదటి కోర్టులోనే, వీలైనంత త్వరగా, ఇష్యూలు ఖరారయ్యేలోపే చెప్పాలి; అలా చెప్పి ఉండి, దానివల్ల న్యాయానికి భంగం కూడా కలిగి ఉంటేనే పైకోర్టు వింటుంది. 1976లో దావా విలువకు సంబంధించిన అభ్యంతరానికీ ఇదే షరతు పెట్టారు. ఊరు తప్పడం, విలువ తప్పడం చట్టం క్షమించే తప్పులు. విషయమే ఆ కోర్టుది కాకపోవడం క్షమించనిది. ఇది తరతరాలుగా మనం నేర్చుకున్న తేడా. డీఎల్ఎఫ్ కేసులో భూమి మరో చోట ఉండటాన్ని ఈ రెండో గదిలోకి నెట్టినట్టయింది. 2019 జనవరిలో జస్టిస్ చంద్రచూడ్ రాసిన తీర్పు మళ్లీ పాత గీత గీసింది. అదీ పంపకం డిక్రీయే. అమలు (ఈపీ) దశలో ఒకరు వచ్చి ఆ డిక్రీ ఇచ్చిన కోర్టుకు స్థల పరిధి లేదు కనుక డిక్రీ చెల్లదన్నారు. ఆ అభ్యంతరం కోర్టు సమర్థత మూలాన్ని తాకేది కాదు, అమలు చేసే కోర్టు దాన్ని వినకూడదు అంది సుప్రీంకోర్టు. రెండో తీర్పే సరైనదని నా అభిప్రాయం. లేకపోతే జవాబులో పరిధిని ఒప్పుకుని, పదేళ్లు సాక్ష్యం నడిపి, ఓడిపోతామని అనుమానం రాగానే లేచి "ఈ ఊరు మాది కాదు" అనే ప్రతివాదికి చట్టమే కుర్చీ వేసినట్టవుతుంది.

ఆ ప్రతివాదికి అది ఎంత లాభమో చూడండి. ప్లెయింటు వాపసు వస్తే సరైన కోర్టులో దావా మళ్లీ మొదటి నుంచి నడుస్తుందని 2020లో ముగ్గురు జడ్జీల బెంచి ఫ్రాంక్‌ఫిన్ కేసులో ఖాయం చేసింది. చెప్పిన సాక్ష్యం, వేసిన క్రాస్ అన్నీ వృథా. కాలపరిమితి చట్టం 14వ సెక్షన్ వాదిని కొంత కాపాడుతుంది. తప్పు కోర్టులో గడిచిన కాలాన్ని లెక్క నుంచి తీసేస్తుంది. కానీ శ్రద్ధతో, సదుద్దేశంతో నడిపానని వాది చూపించాలి. పైగా ఆ సెక్షన్ కాలాన్ని తిరిగిస్తుంది గానీ, ఈలోగా చనిపోయిన సాక్షిని తిరిగివ్వలేదు. హద్దురాయి కథ చెప్పగలిగిన ఆ ముసలాయన ఒక్కడే.

విలువ సంగతి త్వరగా ముగిస్తాను. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు 20 లక్షల దాకా జూనియర్ సివిల్ జడ్జి, 50 లక్షల దాకా సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా కోర్టు. విలువ కట్టేది దావాలో కోరిన పరిష్కారానికి, 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం ప్రకారం. కోటి రూపాయల ప్లాటుకు వట్టి ఇంజంక్షన్ అడిగి, దానికి తోచిన విలువ వేసి కింది కోర్టులో నంబరు చేయించడం అందరం చూస్తున్నదే. ప్రతివాది హక్కునే కాదన్నాడంటే ఆ కథ మారిపోతుంది. డిక్లరేషన్ అడగాలి, అప్పుడు మార్కెట్ విలువ బయటకొస్తుంది. కిరణ్‌సింగ్ కేసు ఈ సందర్భంలో చదివి నవ్వుకోదగ్గది. బీహార్‌లో మోంఘీర్ జిల్లా భూమికి వాదులు 2,950 రూపాయల విలువ వేసుకున్నారు. సబ్‌కోర్టులో ఓడారు. జిల్లా కోర్టు అప్పీలులో ఓడారు. హైకోర్టుకు రెండో అప్పీలు తెస్తే విలువ 9,980 అని తేలి, మిగతా ఫీజు కట్టించారు. అప్పుడు వాళ్లు, ఇంత విలువైతే మా మొదటి అప్పీలు హైకోర్టుకే రావలసింది, జిల్లా కోర్టు తీర్పు చెల్లదు, మళ్లీ వాస్తవాలన్నీ వినండి అన్నారు. తక్కువ విలువ వేసింది తామే. 1954లో జస్టిస్ వెంకటరామ అయ్యర్ ఆ వాదనను ఓపికగా విని, పరిధి లేని కోర్టు డిక్రీ శూన్యమన్న సూత్రాన్ని చెప్పి, విలువ తప్పినందువల్ల మీకు కలిగిన నష్టమేమిటో చూపండి అని తోసిపుచ్చారు. ఆ తీర్పులో మొదటి సగాన్ని మాత్రమే ఉదహరించే వకీళ్లు ఇప్పటికీ ఉన్నారు.

రాష్ట్రం విడిపోయాక నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఖమ్మం దగ్గర పొలం, విజయవాడలో ఇల్లు ఉన్న అన్నదమ్ములు పంపకానికి రెండు దావాలు వేయాలా? అక్కర్లేదు. ఆస్తి కొంత ఒక కోర్టు పరిధిలో, కొంత ఇంకో కోర్టు పరిధిలో ఉంటే ఏదో ఒక చోట వేసుకోవచ్చని 17వ సెక్షన్ చెబుతోంది. మధ్యలో రాష్ట్ర సరిహద్దు వచ్చినా సెక్షన్ మారలేదు. మారిందల్లా అప్పీలు వెళ్లే హైకోర్టు. 2019 జనవరి 1 నుంచి అవి రెండు. దావాను ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్పించుకోవాలంటే మాత్రం సుప్రీంకోర్టుకే వెళ్లాలి. అయితే ఒక జాగ్రత్త ఉంది. ఆస్తులన్నిటికీ దావా కారణం ఒకటే అయి ఉండాలి. ఇందోర్‌లో వేసిన దావాలో ముంబై ఆస్తిని కూడా కలిపితే, దాని బదలాయింపు కథ వేరు కనుక అది ఇందులో నిలవదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది. తండ్రి ఆస్తి పంపకాన్ని, అన్న విడిగా ఎవరికో అమ్మిన ప్లాటు క్రయం రద్దును ఒకే ప్లెయింటులో కుక్కేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. న్యూజెర్సీలో ఉన్న అన్నదమ్ములు గుంటూరు ఫ్లాటు గురించి అక్కడి కోర్టుకెక్కితే అక్కడి తీర్పుతో ఇక్కడి హక్కు మారదు. అక్కడి వకీలు ఫీజు మాత్రం డాలర్లలో అవుతుంది.

ఇక చట్టం క్షమించని తప్పు, అంటే విషయమే ఆ కోర్టుది కాకపోవడం గురించి రెండు ముక్కలు. వక్ఫ్ ఆస్తి, దేవాదాయ ఆస్తి, బ్యాంకు సర్ఫేసీ కింద పట్టుకున్న ఆస్తి: వీటికి ట్రిబ్యునళ్లు వేరే ఉన్నాయి, సివిల్ కోర్టుకు ఎంతవరకు తలుపు తెరిచి ఉందో చట్టం చట్టానికీ మారుతుంది. హైదరాబాద్‌లోని సుగ్రా హుమాయూన్ మీర్జా వక్ఫ్ కేసులో, అద్దెదారును ఖాళీ చేయించే దావా సివిల్ కోర్టుదే అని 2010లో సుప్రీంకోర్టు అంటే, 2013లో పార్లమెంటు సవరణ తెచ్చి దాన్ని ట్రిబ్యునల్‌కు ఇచ్చింది. మధ్యలో నలిగింది కక్షిదారే. సివిల్ కోర్టుకు తలుపు మూస్తుందనే 2023లో అమల్లోకొచ్చిన ఆంధ్రప్రదేశ్ భూ హక్కుల చట్టం మీద మన బార్‌లు విధులు బహిష్కరించి రోడ్డెక్కాయి. 2024లో అది రద్దయింది. ఆ పోరాటం సబబే. కానీ కొత్త చట్టం ఏదొచ్చినా, పరిధిని తీసేసే సెక్షన్ ఎక్కడుందో వెతికి చదవడం మన దినచర్య కావాలి.

ఆఖరుగా రెండు విన్నపాలు.

మొదటిది జూనియర్లకు. ప్లెయింటులో పరిధి పేరా అంటే "షెడ్యూలు ఆస్తి ఈ గౌరవ కోర్టు వారి అధికార పరిధిలో ఉన్నందున" అన్న ఒక్క వాక్యం కాదు. ఏ గ్రామం, ఏ మండలం, ఏ నోటిఫికేషన్ కింద ఆ గ్రామం ఈ కోర్టుకు వచ్చింది, ఏ సెక్షన్ కింద విలువ ఎంత కట్టారు అన్నది రాయండి. ప్రతివాది తరఫున ఉంటే, అభ్యంతరం ఉంటే మొదటి జవాబులోనే చెప్పండి, లేకపోతే ఎప్పటికీ చెప్పకండి.

రెండోది హైకోర్టులకు, ప్రభుత్వాలకు. తెలంగాణలో 2016లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ జిల్లాలు మారాయి. రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టు పరిధి మారదు, దానికి వేరే నోటిఫికేషన్ కావాలి. ఈ సంగతి వకీలుకు తెలుసు గానీ రైతుకు తెలియదు. 2014లో కుకునూరు, వేలేరుపాడు ఖమ్మం జిల్లా నుంచి పశ్చిమ గోదావరికి వచ్చాయి, 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. అక్కడి రైతు ఎనిమిదేళ్లలో ఊరు కదలకుండానే మూడు జిల్లాల మనిషి అయ్యాడు. ప్రతి సివిల్ కోర్టు వరండాలో, ఆ కోర్టు కిందకు వచ్చే గ్రామాల జాబితా, దాని విలువ పరిమితి, ఏజెన్సీ గ్రామాలుంటే అవి ఏ అధికారి పరిధిలోవో, తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించండి. మారినప్పుడల్లా దిద్దించండి. మన కోర్టు వరండాలో ఆ బోర్డు ఖర్చు బార్ అసోసియేషన్ పెట్టుకుంటుందని అధ్యక్షులవారు ఈ వేదిక మీదే ప్రకటించాలని నా మనవి.